రాయగడ పెరట్లో డాగ్‌వుడ్ నాటాలనుకునేవారికి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. న్యూజెర్సీలో మీ తమ్ముడి ఇంటి ముందు కౌసా డాగ్‌వుడ్ చెట్టు చూశారు. సెప్టెంబరులో దాని పండ్లు తిన్నారు. పది గింజలు టిష్యూ కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నారు. ఒడిశాలోని రాయగడలో కొత్తగా కట్టుకున్న ఇంటికి పడమర వైపు నాలుగు సెంట్ల ఖాళీ ఉంది. ఆ గింజలు అక్కడ వేయాలా, కొరాపుట్ కొండల మీది సునాబెడలో మీ అక్కగారి పెరట్లో వేయాలా, అసలు అలా పువ్వుకు పువ్వు, పండుకు పండు ఇచ్చే చెట్టు మన వైపు ఏదైనా ఉందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రాయగడలో కౌసా వద్దు. సునాబెడలోనూ వద్దు, కానీ అక్కడ దాని హిమాలయాల చుట్టాన్ని ఒకదాన్ని పెట్టి చూడవచ్చు. మీ రాయగడ పెరటికి మాత్రం డాగ్‌వుడ్ కుటుంబంలోదే ఒక చెట్టు మన కొండల్లో, పొలం గట్ల మీద ఎప్పటి నుంచో ఉంది. అది ఊడుగ. మీరు అడగకపోయినా ఎక్కువగా దాని గురించే చెప్పబోతున్నాను.

నేను ఉత్తరాఖండ్ కొండల్లోని రాణీఖేత్ వైపు ఒక నర్సరీలో తొమ్మిదేళ్ళు పనిచేసి, ఆ తర్వాత సునాబెడ దగ్గరి సెమిలిగుడలో స్థిరపడ్డాను. రాణీఖేత్‌లో చలిదేశపు డాగ్‌వుడ్‌లు పెంచాను. ఇక్కడికి వచ్చాక వాటిని బతికించాలని పడరాని పాట్లు పడ్డాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కౌసా మీద మీకు మనసు పడిందంటే నాకు ఆశ్చర్యం లేదు. అది జపాన్, కొరియా, చైనా దేశాల చెట్టు. మనం పువ్వు అనుకునే ఆ నాలుగు తెల్లని మొనదేలిన రేకులు నిజానికి రేకులు కావు. మన కాగితం పువ్వు చెట్టుకు రంగు ఆకులు పువ్వులా కనబడుతూ, అసలు పువ్వు మధ్యలో చిన్నగా ఉంటుంది కదా, ఇదీ అంతే. మధ్యలో ఉన్న ఆ పచ్చని చిన్న బుడిపె అసలు పూలగుత్తి. అదే తర్వాత లావెక్కి, పొడవాటి కాడకు వేలాడే ఎర్రటి పండు అవుతుంది. పైకి లిచీలా గరుకుగా ఉంటుంది. తోలు కాస్త చేదు, ఇసుకలా పంటికి తగులుతుంది. అందుకే తోలు చించి గుజ్జు నోట్లోకి పిండుకుంటారు. ఆ గుజ్జు బాగా మాగిన తుమికి పండులో కాస్త బొప్పాయి కలిపినట్టు ఉంటుంది. మీరు తిన్నారు కాబట్టి ఈ పోలిక సరిపోయిందో లేదో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అది మన దగ్గర ఎందుకు బతకదో చూద్దాం. కౌసా చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు. వచ్చే ఏడాది పూసే మొగ్గల్ని ముందు ఏడాదిలోనే తయారు చేసి పెట్టుకుంటుంది. వారాల తరబడి గట్టి చలి తగిలితేనే ఆ మొగ్గలకు మెలకువ వస్తుంది. న్యూజెర్సీలో నెలల తరబడి నీళ్ళు గడ్డకట్టే చలి ఉంటుంది. రాయగడలో పుష్యమాసం తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటాం, పది గంటలకల్లా ఎండ చురుక్కుమంటుంది. చెట్టుకు ఆ చలి లెక్కలోకి రాదు. సరిగ్గా నిద్ర పట్టని చెట్టు వసంతంలో ఒక కొమ్మకు చిగురేస్తే ఇంకో కొమ్మ మోడుగా ఉండిపోతుంది. రెండు మూడేళ్ళలో నీరసించిపోతుంది.

ఒకవేళ చలి సంగతి ఎలాగో గట్టెక్కినా ఎండ ఉంది. డాగ్‌వుడ్ వేర్లు లోతుకు పోవు. జానెడు, మూరెడు లోతులో చాపలా పరుచుకుంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ వేడికి మీ పెరట్లో పైమట్టి పెనంలా కాలుతుంది. రాయగడ సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తులోనే ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. పైగా మీ ఖాళీ స్థలం పడమర వైపు ఉంది. మధ్యాహ్నం ఎండంతా గోడకు తగిలి చెట్టు మీదికే తిరిగి కొడుతుంది. ఇక మీరు రాసిన బోరు నీళ్ళు. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటోందంటే అందులో సున్నం ఎక్కువని అర్థం. డాగ్‌వుడ్‌కు కాస్త పులుపు నేల కావాలి. సున్నపు నీళ్ళు పోస్తూ ఉంటే ఆకు పసుపుకు తిరిగి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి.

గింజల సంగతి. దీన్ని తప్పు పట్టడంగా తీసుకోవద్దు. మన దేశంలోకి నాటే విత్తనం తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. పది గింజలైనా, టిష్యూలో చుట్టినా అంతే. అమెరికాలో 1970ల చివర్లో డాగ్‌వుడ్‌లకు ఆంత్రాక్నోస్ అనే బూజు తెగులు బయటపడి, అక్కడి అడవుల్లో సొంత డాగ్‌వుడ్ చెట్లను విపరీతంగా చంపింది. కౌసా దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. ఒక చోటి జబ్బు ఇంకో చోటికి పోకూడదనే ఈ కట్టుబాట్లు. మన కొండల్లో ఏముందో, ఏం పోగొట్టుకుంటామో తలచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది. ఆ గింజల్ని మరుగుతున్న నీళ్ళలో వేసి, చల్లారాక పారేయండి. ఎలాగూ అవి మూడు నాలుగు నెలలు తడి చలిలో, అంటే నాలుగైదు డిగ్రీల దగ్గర ఉంటే గానీ సరిగ్గా మొలవవు. టిష్యూలో ఎండిపోయిన గింజల మీద పెద్దగా ఆశ ఉండదు.

మీ తమ్ముడికి మాత్రం ఒక మాట చెప్పండి. ఇంకో డాగ్‌వుడ్ కొనాలనుకుంటే పండు కోసమా పువ్వు కోసమా అని ముందే తేల్చుకోమనండి. ఆయన ఉండే న్యూజెర్సీలోనే రట్గర్స్ యూనివర్సిటీలో ఎల్విన్ ఆర్టన్ అనే శాస్త్రవేత్త కౌసాను, అమెరికా సొంత డాగ్‌వుడ్‌ను కలిపి కొన్ని సంకర రకాలు తయారు చేశారు. స్టెల్లార్ వరస అంటారు. పువ్వు అద్భుతం, పండు మాత్రం దాదాపు ఉండదు. మామూలు కౌసా అయితే ఒక్క చెట్టు కంటే, వేర్వేరు గింజల నుంచి వచ్చిన రెండు చెట్లు దగ్గర దగ్గరగా ఉంటే కాపు బాగుంటుంది. అమెరికా సొంత డాగ్‌వుడ్ పండు ఎర్రగా నోరూరిస్తుంది కానీ పరమ చేదు, తినేది కాదు. పిల్లలున్న ఇంట్లో ఈ తేడా తెలిసి ఉండాలి.

కార్నీలియన్ చెర్రీ అని ఇంకో డాగ్‌వుడ్ ఉంది. పసుపు పూలు పూసి, పొడుగ్గా ఎర్రటి పండ్లు కాస్తుంది. టర్కీ, ఇరాన్, జార్జియాల్లో జామ్, షర్బత్ చేసుకుంటారు. దానికీ చలి కావాలి. గింజ మొలవడానికే ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టవచ్చు. మన వైపు దాని జోలికి పోకండి.

ఇక సునాబెడ. అది సుమారు 900 మీటర్ల ఎత్తు. చలికాలంలో రాత్రిళ్ళు పది డిగ్రీల లోపుకు దిగుతుంది, వానలు బాగా పడతాయి, ఎర్రమట్టిలో సహజంగానే పులుపు ఉంటుంది. అక్కడ ప్రయత్నించదగ్గది కౌసా కాదు, హిమాలయాల డాగ్‌వుడ్. రాణీఖేత్ వైపు దాన్ని భమోరా అంటారు. వేసవిలో లేత పసుపు రేకులతో పూసి, అక్టోబరు, నవంబరు నెలల్లో స్ట్రాబెర్రీలా ఎర్రగా పండుతుంది. అక్కడి పిల్లలు బడి నుంచి వస్తూ జేబుల్లో నింపుకునేవారు. తియ్యగా ఉంటుంది, చివర్లో కాస్త చేదు తగులుతుంది. కౌసాలా పూర్తిగా ఆకు రాల్చే చెట్టు కాదు, చాలావరకు పచ్చగానే ఉంటుంది. అందుకే కౌసాకు కావాల్సినంత చలి దీనికి అక్కర్లేదని నా నమ్మకం.

అయితే ఉన్నదున్నట్టు చెప్పాలి. నేను సెమిలిగుడలో మూడు భమోరా మొక్కలు నాటాను. రెండు మొదటి వేసవిలోనే పోయాయి. ఒకటి బోరు నీళ్ళకు, ఒకటి చెదలకు. మూడోది ఆరేళ్ళుగా ఉంది. నా భుజం దాటి పెరిగింది, ఇంతవరకు మొగ్గ వేయలేదు. గింజ మొక్క పూతకు రావడానికి సొంత ఊళ్ళోనే ఎనిమిది, పదేళ్ళు పడుతుంది కాబట్టి నేను ఎదురుచూస్తున్నాను. మీ అక్కగారికి ఆ ఓపిక ఉంటేనే మొదలుపెట్టమనండి. సునాబెడలో ఏడాదికో రెండేళ్ళకో పండు కావాలంటే మాత్రం ఇది ఆ చెట్టు కాదు.

మొదలుపెడితే ఇలా చేయమనండి. నవంబరులో ఉత్తరాఖండ్ వైపు తెలిసినవారి ద్వారా పండ్లు తెప్పించుకుని, గుజ్జంతా కడిగేసి, గింజల్ని తడి ఇసుకలో కలిపి డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో మూడు నెలలు ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఫిబ్రవరి చివర్లో సంచుల్లో వేయాలి. ఎర్రమట్టి, బాగా చివికిన ఆకు ఎరువు, ఇసుక సమానంగా కలిపితే చాలు. కొన్ని గింజలు ఆ ఏడాది మొలవవు. సంచులు పారేయకుండా ఇంకో ఏడాది తడి ఆరకుండా చూడాలి. రెండేళ్ళ మొక్కను మృగశిర కార్తె దాటి వానలు నిలదొక్కుకున్నాక నేలలో పెట్టాలి. పొద్దున్న ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు వెతకాలి. కాఫీ తోటల్లో నీడకు వేసే సిల్వర్ ఓక్ చెట్టుకు తూర్పున నాది పెట్టాను. బహుశా అందుకే బతికింది.

గుంట కంటే చిన్న దిబ్బ మీద నాటడం మంచిది. ఆగస్టు వానలకు నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. మొదలు చుట్టూ ఎండుటాకు నాలుగు వేళ్ళ మందాన పరవాలి, కానీ కాండానికి తగలనివ్వకూడదు, చెద ఎక్కుతుంది. వేప పిండి గుప్పెడు ఆ ఆకు కింద వేయాలి. మొదలు దగ్గర గునపం, పార అసలు పెట్టకూడదు, వేర్లు పైనే ఉంటాయి. వేసవికి వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకోగలిగితే అంతకు మించిన మందు లేదు.

కొనేటప్పుడు మోసపోకండి. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో కౌసా అంటుమొక్క అని చెప్పిన దాన్ని పద్దెనిమిది వందలకు తెప్పించుకున్నాను. వచ్చింది డాగ్‌వుడ్ కానే కాదు. డబ్బు కంటే ఆ రెండు నెలలు దానికి చేసిన సేవ తలచుకుంటే ఇప్పటికీ బాధే. డాగ్‌వుడ్‌ను గుర్తుపట్టడం తేలిక. సాధారణంగా ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఈనెలు ఆకు అంచు వైపు పోయి, అంచును తాకకుండా కొన వైపు వంపు తిరుగుతాయి. ఒక ఆకును అడ్డంగా నెమ్మదిగా చించి చూడండి. రెండు ముక్కల మధ్య ఈనెల నుంచి సన్నని దారాలు సాగి, కింది ముక్క ఆ దారాలకు వేలాడుతుంది. ఫొటో చూసి డబ్బు కట్టేముందు ఆకుతో ఈ పరీక్ష వీడియో తీసి పంపమని అడగండి. నిజమైనవారైతే పంపుతారు.

ఇప్పుడు ఊడుగ. సంస్కృతంలో అంకోలం, ఒడియాలో అంకుల అంటారు. దీన్ని వేరే కుటుంబంగా లెక్కవేసేవారు. ఇప్పటి వృక్షశాస్త్ర వర్గీకరణలో డాగ్‌వుడ్‌లూ ఊడుగా ఒకే కుటుంబం. అంటే మీ తమ్ముడి ఇంటి ముందు చెట్టుకు సొంత బంధువు మీ ఊరి చుట్టుపక్కల పొలం గట్ల మీద, డొంకల్లో ఉంది. రాయగడ నుంచి గుణుపురం వైపు వెళ్ళేటప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గట్ల వైపు చూడండి. ఆకులన్నీ రాలిపోయి, ముదురు కొమ్మల నిండా తెల్లని పూలు, రేకులు వెనక్కి ముడుచుకుని, మధ్యలో కుచ్చులా కేసరాలతో కనబడితే అదే. తేనెటీగల రొద ముందు వినబడుతుంది, తర్వాత వాసన తగులుతుంది. ఆ వాసన కౌసాకు లేదు. నాకైతే ఊడుగ పూత ముందు కౌసా పూత కూడా ఒక మెట్టు కిందే. విత్తనాలు రాలాక తిరిగి చెట్టునే అంటుకుంటాయని అంకోలం గురించి పెద్దలు చెప్పే మాట ఒకటుంది. ఇన్ని తరాలుగా మన మాటల్లో ఉన్న చెట్టు పెరళ్ళలోకి రాకుండా గట్ల మీదే ఉండిపోయిందని నాకు బాధ.

వేసవి నడిమికి కాయలు పండుతాయి. వేలి కొనంత ఉంటాయి, ముదురు ఎరుపు నుంచి నల్లటి ఊదా రంగుకు తిరుగుతాయి, పైన చిన్న కిరీటంలా తొడిమ అంచు ఉంటుంది. లోపల తెల్లని పల్చటి గుజ్జు, ఒక పెద్ద గింజ. తియ్యగా, చివర కాస్త వగరుగా ఉంటుంది. కౌసా అంత కండ లేదు, అది ముందే తెలుసుకోండి. పశువులు కాసే పిల్లలు చప్పరించి గింజ ఉమ్మేసే పండు ఇది. బాగా నల్లబడి మెత్తబడ్డాకే తినాలి, నాలుగైదుతో ఆపాలి. గింజ కొరకకూడదు. వేరు బెరడు నాటువైద్యంలో వాడతారు, అది వాంతి తెప్పించే మందు. పిల్లలు బెరడు, వేరు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. ఈ ఒక్క జాగ్రత్త ఉంటే ఇంట్లో పెంచడానికి భయం అక్కర్లేదు.

మీ పడమటి ఎండ దీనికి ఇష్టమే. రాతినేల, ఎర్రనేల ఏదైనా సర్దుకుంటుంది. నా సెమిలిగుడ ఇంటి బయట గేటు పక్కన ఉన్న ఊడుగకు బోరు నీళ్ళే పోశాను, ఏమీ కాలేదు. గోడకు పది, పన్నెండు అడుగుల దూరం ఉంచండి. రెండడుగుల గుంట తీసి, తీసిన మట్టిలోనే రెండు తట్టల పశువుల ఎరువు కలిపి నింపితే చాలు. మొదటి రెండు వేసవులు వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోయండి. ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. లేత కొమ్మల కొనలు ముల్లులా ఉంటాయి. పిల్లల తల ఎత్తు వరకు పక్క కొమ్మలు తీసేసి ఒంటి కాండంగా పెంచితే కింద కూర్చోవడానికి నీడ కూడా వస్తుంది. వేరు పిలకలు వస్తే ఎప్పటికప్పుడు తెంపేయండి, లేదంటే పొదలా మారిపోతుంది. శీతాకాలం చివర్లో ఆకు రాలి మోడుగా కనబడితే చచ్చిపోయిందని కంగారుపడకండి. గేటు పక్క చెట్టును అలాగే అనుకుని నరికేయబోయిన పనివాణ్ణి నేను పరుగెత్తుకెళ్ళి ఆపాను.

నర్సరీల్లో ఊడుగ దొరకడం కష్టం. కొరాపుట్ జిల్లా జైపూర్‌లో (రాజస్థాన్‌ది కాదు) ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వారి ఔషధ మొక్కల తోట ఉంది, అటు వెళ్ళినప్పుడు అడిగి చూడండి. లేదంటే గింజ నుంచి పెంచుకోవడమే మంచిది. అడవిలో లేత మొక్క పీకి తేవద్దు, తల్లివేరు తెగి బతకదు, అక్కడ ఉన్నదీ పోతుంది.

నాలుగు సెంట్లలో ఒక్క ఊడుగతో స్థలం నిండదు. కంచె పొడవునా వాక్కాయ వేయండి. మల్లెలాంటి తెల్లని పూలు, ముళ్ళతో కాపలా, పప్పులోకీ పచ్చడిలోకీ కాయ. వంటింటి వైపు నీడ ఉన్న చోట సురినామ్ చెర్రీ ఒకటి. దాని లేత ఆకు రాగి రంగులో మెరుస్తుంది, గుమ్మడికాయలా గాట్లున్న చిన్న ఎర్ర పండు. ముదురు ఎరుపుకు తిరిగి, ముట్టుకుంటే చేతిలోకి రాలేదాకా ఆగాలి, ముందే కోస్తే ఘాటుగా ఉంటుంది. ఈ మూడూ ఉంటే మీ పెరట్లో ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక పూతో పండో ఉంటుంది.

ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. ఈ మార్చిలో గుణుపురం దారిలో తెల్లగా పూసిన ఊడుగ చెట్టు ఒకటి గుర్తుపెట్టుకుని, పొలం ఎవరిదో కనుక్కుని వారిని అడిగి ఉంచండి. కాయలు నల్లబడగానే ముప్పై, నలభై తెచ్చుకుని, గుజ్జు కడిగి, ఒక్కరోజు నీడన ఆరబెట్టి, వారం లోపే సంచుల్లో అంగుళం లోతున వేయండి. ఆలస్యమైతే మొలక తగ్గిపోతుంది. నేను నలభై వేస్తే పదిహేను మొలిచాయి, అందుకే ఎక్కువ తెమ్మంటున్నాను. అందులో గట్టిగా ఉన్న మొక్కను వచ్చే ఏడాది రెండు మంచి వానలు పడ్డాక నేలలో పెట్టండి. మిగిలినవి ఇరుగుపొరుగుకు ఇవ్వండి. మొలక ఫొటో పంపితే ఊడుగ అవునో కాదో నేను చూసి చెబుతాను.